తిమ్మిరికి అందని మందు

1947లో అమెరికా వైద్యపత్రికల్లో ఒకే రకమైన నివేదికలు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. ఒకటి సిన్సినాటి నుంచి, రిచర్డ్ విల్టర్, టామ్ స్పైస్‌ల బృందానిది. మరొకటి క్లీవ్‌లాండ్ నుంచి, హైన్‌ల్, వెల్చ్ అనే ఇద్దరు పరిశోధకులది. పెర్నీషియస్ ఎనీమియా అనే మొండి రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి, నెలల తరబడి గమనిస్తూ వచ్చిన రోగుల గురించిన నివేదికలివి. రక్తపరీక్షల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎర్ర రక్తకణాల సంఖ్య పెరిగింది, హీమోగ్లోబిన్ నిలకడగా ఉంది. అయితే రోగుల్లో కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలయింది. వేళ్ళు మొద్దుబారాయి. అడుగు ఎక్కడ పడుతున్నదో నేలను చూస్తే తప్ప తెలియని స్థితి కొందరికి వచ్చింది. మందు రక్తానికి పనిచేస్తూనే ఉంది. వెన్నుపాము లోపల మాత్రం రోగం తన దారిన తాను సాగిపోయింది.

ఆ మందు న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగులో ఆయన గురించి వచ్చే పరిచయవ్యాసాలలో ‘పెర్నీషియస్ ఎనీమియాకు మందు కనిపెట్టిన శాస్త్రవేత్త’ అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. అది సగం నిజం. రెండో సగం ఆ రోగుల అరికాళ్ళలో, చేతివేళ్ళలో ఉంది. సుబ్బారావు ఘనతను అది తగ్గించదు కాని, ఆయన నిజంగా సాధించినది ఏమిటో తెలియాలంటే దానిని దాటవేయడానికి వీల్లేదు. పైగా డెబ్బయ్యేళ్ళు దాటిన ఆ వ్యవహారం అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఇంకా ముగియలేదు.

ఒక మాట, రెండు బాధలు

తెలుగులో తిమ్మిరి అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. చీమలు పాకినట్లు, సూదులతో పొడిచినట్లు అనిపించడమూ తిమ్మిరే. తాకినా తెలియకుండా మొద్దుబారడమూ తిమ్మిరే. వైద్యుడికి ఇవి వేరు. మొదటిది నరం అనవసరంగా మాట్లాడడం, రెండవది మాట్లాడవలసినప్పుడు మౌనంగా ఉండడం. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుని లేచినవాడు రెండింటినీ నిమిషాల వ్యవధిలో అనుభవిస్తాడు: ముందు కాలు తనది కానట్లు ఉంటుంది, తరువాత నరం మేల్కొంటూ జుమ్మంటుంది. అది నరం మీద పడిన ఒత్తిడి, దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచేదే రోగం. స్పర్శ పోవడమంటే కుష్ఠువేమోనన్న భయం మన ప్రాంతంలో తరతరాలుగా ఉంది. ఆ భయం వల్లనే ఈ లక్షణాన్ని పైకి చెప్పకుండా దాచుకున్నవారూ ఉన్నారు.

అమెరికాలో ఈ ఫిర్యాదును శ్రద్ధగా విని రాసిపెట్టిన తొలి వైద్యులలో బోస్టన్‌కు చెందిన జేమ్స్ జాక్సన్ పుట్నమ్ ఒకడు. ఫ్రాయిడ్ సిద్ధాంతాలకు అమెరికాలో తొలినాళ్ళలోనే అండగా నిలిచిన వాడిగా ఆయన పేరు ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. అంతకు చాలా ముందు, 1880లో, రాత్రిపూట చేతులు తిమ్మిరెక్కి నిద్రలేచే రోగుల గురించి ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. చెయ్యి మంచం పక్కకు వేలాడదీసినా, విదిలించినా ఉపశమనం కలుగుతుందని వారు చెప్పిన మాటను ఆయన అలాగే నమోదు చేశాడు. మణికట్టు దగ్గర ఇరుకు సొరంగం లాంటి దారిలో నరం నలిగిపోవడమే దీనికి కారణమని వైద్యలోకం స్థిరపరచుకోవడానికి మరో అర్ధశతాబ్దం దాటింది. 1950 తరువాత క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన జార్జ్ ఫేలన్ ఆ రోగాన్ని అందరికీ పరిచయం చేశాడు. కార్పల్ టనల్ అన్న పేరు కంప్యూటర్ల ముందు పనిచేసేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

పుట్నమ్ రెండవ పరిశీలన ఈ కథకు ఇంకా దగ్గరది. 1891లో ఆయన బోస్టన్ నుంచి, చార్ల్స్ డేనా న్యూయార్క్ నుంచి, విడివిడిగా ఒకే జబ్బును వర్ణించారు. కాళ్ళలో, చేతుల్లో తిమ్మిరితో మొదలై, నడక తడబడి, చివరకు కాళ్ళు చచ్చుబడే జబ్బు. మనిషి పాలిపోయి ఉంటాడు. మరణం తరువాత వెన్నుపామును కోసి చూస్తే వెనుకవైపు, పక్కల ఉండే నాడీతంతువుల కట్టలు దెబ్బతిని ఉంటాయి. వెనుక కట్టలు శరీరం ఎక్కడుందో మెదడుకు చెప్పేవి. అవి పాడైనవాడు కళ్ళు తెరుచుకుని బాగానే నిలబడతాడు. కుళాయి దగ్గర కళ్ళు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు ముందుకు తూలుతాడు. 1900లో లండన్‌లో రసెల్, బాటెన్, కాలియర్ అనే ముగ్గురు దీనికి స్థిరమైన పేరు పెట్టారు. పాలిపోవడానికీ తిమ్మిరికీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. రక్తం చెడడం వల్ల నరాలు చెడుతున్నాయా, లేక రెండూ మరొకదాని వల్ల చెడుతున్నాయా అన్నది తేలలేదు. 1947లో బయటపడిన చిక్కుకు మూలం ఆ తేలని ప్రశ్నే.

కాలేయం తిన్న బోస్టన్

సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడిన కథ తెలుగువారికి తెలిసినదే. ఆ పట్టాతో అమెరికాలో వైద్యం చేసే అవకాశం లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుకుంటూ, రాత్రిళ్ళు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రం చేసే పని చేశారు.

ఉష్ణమండల వైద్యమే ఎందుకన్నదానికి కారణం ఇంట్లోనే ఉంది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలితీసుకుంది. ఎడతెగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, కృశించిపోవడం ఆ వ్యాధి లక్షణాలు. ఆయనకూ అదే సోకగా ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. తరువాత ఆ లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు బోధకుడుగా పనిచేశారు. స్ప్రూ రోగి ఎముక మజ్జలో, పెర్నీషియస్ ఎనీమియా రోగి మజ్జలో తయారయ్యే కణాలు సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపిస్తాయి: మామూలుకన్నా పెద్దవి, ఎదగనివి. ఈ పోలిక తరువాతి పాతికేళ్ళ పరిశోధనకు దారి చూపింది, దారి తప్పించింది కూడా.

ఆయన రాత్రిపూట పనిచేసిన ఆసుపత్రికే చెందిన విలియమ్ మర్ఫీ, జార్జ్ మైనాట్‌తో కలిసి 1926 ఆగస్టులో ఒక వ్యాసం ప్రచురించాడు. నలభై అయిదుగురు పెర్నీషియస్ ఎనీమియా రోగులకు రోజూ కాలేయం తినిపిస్తే కోలుకున్నారన్నది దాని సారాంశం. అంతవరకు ఆ రోగం వచ్చినవారు ఒకటి రెండేళ్ళకు మించి బతకడం అరుదు. రోజుకు పావు కిలో దాకా కాలేయం, కొద్దిగా ఉడికించినదో, పచ్చిదే రుబ్బి రసం తీసినదో, తినడం సులభం కాదు. అయినా తిన్నారు, బతికారు. రక్తంతోపాటు చాలామందిలో నరాల క్షీణత కూడా ఆగింది. మైనాట్ స్వయంగా మధుమేహరోగి. కొన్నేళ్ళ ముందే వచ్చిన ఇన్సులిన్ వల్ల ప్రాణం నిలిచినవాడు. 1934లో నోబెల్ బహుమతిని ఈ ఇద్దరూ, జార్జ్ విపుల్ పంచుకున్నారు.

ఇది తిండి లోపం వల్ల వచ్చే జబ్బని అప్పుడు చాలామంది అనుకున్నారు. బోస్టన్ సిటీ ఆసుపత్రిలోని విలియమ్ కాసిల్ అనుమానం వేరు. రోగులలో మాంసం బాగా తినేవాళ్ళే ఎక్కువ. ఆయన కొద్దిగా కాల్చిన గొడ్డుమాంసం తాను తిని, గంట తరువాత దానిని కక్కి, గొట్టం ద్వారా రోగి కడుపులోకి పంపాడు. రోగి రక్తం కోలుకుంది. మామూలుగా తినిపించిన మాంసంతో కోలుకోలేదు. ఆరోగ్యవంతుడి జీర్ణాశయంలో ఊరే ఏదో పదార్థం ఉంటేనే మాంసంలోని పోషకం ఒంటబడుతుందని 1929లో ఆయన నిరూపించాడు. వైద్యచరిత్రలో ఇంత రోతగానూ ఇంత అందంగానూ ఉన్న ప్రయోగం మరొకటి దొరకడం కష్టం.

కాలేయంలో ఆ పోషకం ఏది? హార్వర్డ్‌లో సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మొదలైన వాటిపై పనిచేస్తూనే, 1930లలో బెర్నార్డ్ జేకబ్సన్‌తో కలిసి కాలేయసారాన్ని భాగాలుగా విడదీసే పని చేపట్టారు. రోగులకు మేలు చేస్తున్నది ఒకే పదార్థం కాదని, ఒకటికి మించినవి కలిసి పనిచేస్తున్నాయని వారు అభిప్రాయపడ్డారు. వివరాలలో అది పూర్తిగా నిలవలేదు. కాని ‘ఒకటి కాదు’ అన్నంతవరకు వారు నిజానికి దగ్గరగానే ఉన్నారు.

అదే మాట అప్పటికే బొంబాయి నుంచి మరో రకంగా వినిపించింది. 1928లో అక్కడికి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ బట్టలమిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులలో ఇదే తరహా పెద్దకణాల రక్తహీనతను పరిశీలించింది. మార్మైట్ అనే చవక ఈస్టు ముద్ద ఇస్తే వారు కోలుకున్నారు. బాగా శుద్ధి చేసిన కాలేయసారం పెర్నీషియస్ ఎనీమియాకు పనిచేస్తున్నా ఈ స్త్రీలకు పనిచేయలేదని ఆమె తరువాత చూపించింది. అంటే ఈస్టులో ఉన్నది ఒకటి, శుద్ధి చేసిన కాలేయసారంలో మిగిలినది మరొకటి. ఈ సూచనను గట్టిగా పట్టుకున్నవారు తక్కువ.

సాక్షి ఎవరు

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి లెడర్లీకి వెళ్ళారు. కాలేయసారం తయారుచేసి అమ్మే కంపెనీలలో అదీ ఒకటి. ఆయన ఆధ్వర్యంలో రసాయనజ్ఞులు, సూక్ష్మజీవశాస్త్రజ్ఞులతో ఒక పెద్ద బృందం ఏర్పడింది. కాలేయంలోని రక్తవర్ధక పదార్థాన్ని విడదీయడం వారి లక్ష్యాలలో ముఖ్యమైనది.

ఇక్కడ పద్ధతికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. కాలేయాన్ని వంద భాగాలుగా విడదీస్తే, మందు ఏ భాగంలో ఉందో ఎలా తెలుస్తుంది? ప్రతి భాగాన్నీ రోగి మీద పరీక్షించి చూడడం సాధ్యం కాదు. చికిత్స ఇంకా మొదలుకాని రోగులు దొరకడమే కష్టం. అందుకని ప్రయోగశాలలు ఒక ప్రతినిధిని వెతుక్కున్నాయి: కొన్ని పోషకాలు లేకపోతే పెరగని బాక్టీరియా. లెడర్లీ వాడుకున్నది లాక్టోబాసిలస్ కేసియై. ఈ సూక్ష్మజీవి దేనివల్ల పెరుగుతుందో ఆ పదార్థం వెంట పడితే, చేతికి వచ్చింది ఫోలిక్ ఆమ్లం. ఎందుకంటే ఆ బాక్టీరియాకు కావలసింది అదే. టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ 1941లో టన్నులకొద్దీ పాలకూర నుంచి తీసి, ఆకు అన్న అర్థం వచ్చే లాటిన్ పదంతో పేరు పెట్టిన పదార్థమూ ఇదే. లెడర్లీ బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారు చేసింది. 1946లో నిర్మాణాన్ని ప్రకటించింది. వ్యాసం మీద పదిమందికి పైగా పేర్లు ఉంటాయి. సుబ్బారావు పేరు ఎక్కడో మధ్యలో కనిపిస్తుంది.

టన్నుల పాలకూరతో పనిలేకుండా సీసాలో పసుపుపచ్చని పొడిగా మందు దొరికింది. టామ్ స్పైస్ దానిని అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పేద రోగులకిచ్చాడు, క్యూబాలో స్ప్రూ రోగులకిచ్చాడు. ఫలితాలు ఆశ్చర్యకరం. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం కొద్దిరోజుల్లో పుంజుకుంది. సోదరులను చంపిన వ్యాధికి సుబ్బారావు ప్రయోగశాల మందు తయారు చేసింది. ఆయన జీవితంలో ఇంతకన్నా సూటిగా గురికి తగిలిన బాణం లేదు. విచిత్రంగా తెలుగు వ్యాసాలలో తక్కువగా చెప్పేది కూడా దీని గురించే.

స్ప్రూకి పనిచేసినది పెర్నీషియస్ ఎనీమియాకూ పనిచేయాలి కదా, మజ్జలో కణాలు ఒకేలా ఉన్నాయి కదా అన్నది సహజమైన తర్కం. పనిచేసినట్లే కనిపించింది కూడా. కాలేయం తినడం, సూదిమందు పొడిపించుకోవడం ఇష్టంలేని రోగులు మాత్రకు మారారు. తరువాత జరిగింది మొదటి పేరాలో ఉంది. రక్తం కోలుకున్న కొందరిలో, అంతకుముందు నరాల బాధ లేనివారితో సహా, తిమ్మిరి మొదలై వేగంగా ముదిరింది. ఫోలిక్ ఆమ్లం నరాలను నేరుగా దెబ్బతీసిందా, లేక కాపాడలేకపోయిందా అన్న వాదం ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు. అప్పటి వైద్యులు మాత్రం రోగులను వెంటనే కాలేయసారానికి తిరిగి మార్చారు.

సరైన సాక్షిని కనుక్కున్నది మేరీ షార్బ్ అనే సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు. యుద్ధం ముగిసి మగవాళ్ళు ఉద్యోగాలకు తిరిగివచ్చాక ప్రభుత్వ డెయిరీ ప్రయోగశాలలో ఆమె కొలువు పోయింది. పెరుగు సంబంధమైన పనిలో తనకు పరిచయమైన లాక్టోబాసిలస్ లాక్టిస్ డార్నర్ అనే బాక్టీరియా కాలేయసారం లేకపోతే పెరగదని ఆమెకు గుర్తుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో, మెర్క్ కంపెనీ ఇచ్చిన చిన్న మొత్తంతో, ఆ పెరుగుదల కాలేయసారం శక్తికి అనుగుణంగా ఉంటుందని చూపించింది. ఆ కొలబద్దతో న్యూజెర్సీలోని రావేలో మెర్క్ రసాయనజ్ఞులు కార్ల్ ఫోకర్స్ నాయకత్వంలో ఎర్రని స్ఫటికాలు తీశారు. 1948 ఏప్రిల్‌లో బీ-12 పేరుతో ప్రకటించారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రాండాల్ఫ్ వెస్ట్ రోగులకు ఇచ్చి చూస్తే కొన్ని మైక్రోగ్రాములకే రక్తం స్పందించింది. ఇంగ్లండ్‌లో గ్లాక్సో కంపెనీ లెస్టర్ స్మిత్ కూడా ఆ నెలలోనే అదే పదార్థాన్ని ప్రకటించాడు. ఎరుపు రంగు దానిలోని కోబాల్టుది.

పర్ల్ రివర్ నుంచి రావేకి కారులో గంట ప్రయాణం. రావేకి కూతవేటు దూరంలో ఉన్న ఎడిసన్‌లో ఈనాడు తెలుగు వినిపించని దుకాణం లేదు. ఇద్దరూ వెతికింది ఒకే కాలేయంలో. ఒకరి బాక్టీరియాకు ఫోలిక్ ఆమ్లం కావాలి, ఇంకొకరి బాక్టీరియాకు బీ-12 కావాలి. దొరికింది దానిని బట్టే.

దొడ్డిదారి

రెండు విటమినులకూ లంకె ఎక్కడుందో 1960ల నాటికి తెలిసింది. కణంలో ఫోలేట్ చేసే పని ఒక కర్బన పరమాణువున్న చిన్న ముక్కను మోసి అవసరమైన చోట దించడం. డీఎన్ఏ తయారీకి ఆ ముక్క కావాలి. ఒక దశలో ఫోలేట్ మిథైల్ అనే బరువుతో చిక్కుకుపోతుంది. ఆ బరువును దింపగలిగేది బీ-12 ఒక్కటే. బీ-12 లేకపోతే ఫోలేట్ ఉన్నా పనికిరాకుండా పడి ఉంటుంది, మజ్జలో కణాలు విభజన చెందలేక ఉబ్బిపోతాయి. ఈ అవస్థకు ‘మిథైల్ ఉచ్చు’ అని పేరు. బయటినుంచి కృత్రిమ ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా ఇస్తే అది ఉచ్చులో పడకుండా దొడ్డిదారిన లోపలికి వస్తుంది. మజ్జ పని సాగుతుంది, రక్తం కోలుకుంటుంది. నరాల సంగతి వేరు. అవి విభజన చెందేవి కావు. వాటికి కావలసింది తమ చుట్టూ ఉన్న మయలిన్ తొడుగును నిలబెట్టుకోవడం. అందుకు బీ-12 స్వయంగా కావాలి, దానికి దొడ్డిదారి లేదు. పొడవైన తంతువులకు కష్టం ముందు వస్తుంది. నడుము దగ్గర బయలుదేరి కాలి బొటనవేలి దాకా వెళ్ళే నరం దాదాపు మీటరు ఉంటుంది. తిమ్మిరి ముందుగా వేళ్ళ కొసల్లో కనిపించడానికి కారణాలలో అదొకటి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అరికాళ్ళ మంటలు అనే బాధ దక్షిణభారతంలో పాతదే. 1826లోనే ఒక ఆంగ్లేయ వైద్యుడు దాని గురించి రాశాడు. 1946లో కూనూరు పోషకాహార ప్రయోగశాలలో (తరువాత హైదరాబాదుకు తరలివచ్చినది ఇదే సంస్థ) సి. గోపాలన్ ఆ రోగులకు పాంటోథెనిక్ ఆమ్లం ఇచ్చి మేలు కనిపించిందని ప్రకటించారు. ఆ విటమిను మీద 1939లో వచ్చిన తొలి వ్యాసాలలో ఒకటి సుబ్బారావు, జార్జ్ హిచింగ్స్‌లది. కాలి బాధల చరిత్రలో ఎక్కడ తవ్వినా ఆయన పేరు తగులుతుంది.

ఫోలిక్ ఆమ్లం తరువాత మరో గొప్ప పనికి ఉపయోగపడింది. గర్భం తొలి వారాలలో తగినంత అందితే శిశువు వెన్నెముక సరిగ్గా మూసుకోని లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్‌లో జరిగిన పరీక్ష నిర్ధారించింది. అమెరికాలో 1998 జనవరి నుంచి ‘ఎన్‌రిచ్డ్’ అని రాసి అమ్మే పిండిలో, రొట్టెలో, పాస్తాలో, బియ్యంలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి అయింది: నూరు గ్రాముల ధాన్యపదార్థానికి 140 మైక్రోగ్రాములు. ఎంత కలపాలన్న చర్చలో అందరినీ వెనక్కి లాగినది 1947 నాటి ఆ రోగుల జ్ఞాపకమే. పెద్దలకు రోజుకు వెయ్యి మైక్రోగ్రాములు మించరాదని అదే సంవత్సరం పెట్టిన హద్దుకు ఆధారం కూడా ఆనాటి నివేదికలే.

దీనిని అతిజాగ్రత్త అనే నిపుణులు ఉన్నారు. కలిపే మోతాదు ఆనాటి మాత్రలతో పోలిస్తే చాలా తక్కువన్న మాట నిజమే. అయితే 2007లో బోస్టన్‌లోని టఫ్ట్స్ పరిశోధకులు అమెరికా వృద్ధుల జాతీయ ఆరోగ్య వివరాలను పరిశీలించి, బీ-12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్నవారిలో జ్ఞాపకశక్తి మందగించడం అధికమని చూపించారు. కారణమేదో తేల్చేది కాదది. వాదం ముగిసిందనడానికి మాత్రం వీల్లేదు.

అంతకన్నా గట్టి పాఠం 1988లో న్యూయార్క్ నుంచి వచ్చింది. బీ-12 లోపం వల్ల నరాల బాధ వచ్చిన 141 మంది రోగులను జాన్ లిండెన్‌బామ్ బృందం పరిశీలించింది. వారిలో 40 మందికి రక్తహీనత గాని, కణాలు పెద్దవి కావడం గాని లేదు. నూటికి ఇరవై ఎనిమిది మంది. రక్తం చూసి నరాన్ని అంచనా వేసే పాత అలవాటు అంతమందిని ఇంటికి పంపేసి ఉండేది. ఆ పరంపరలోనే తరువాత వచ్చిన పరిశీలనలో, నరాల రోగం తొలి లక్షణంగా అన్నిటికన్నా ఎక్కువమంది చెప్పింది చేతులు కాళ్ళలో తిమ్మిరి. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత తక్కువ అని కూడా తేలింది.

1965 తరువాత

1965 వలసచట్టం తరువాత వచ్చిన తెలుగువారు ఈ చరిత్రలోకి తెలియకుండానే అడుగుపెట్టారు. బీ-12ను మొక్కలు తయారుచేయవు. అది బాక్టీరియా సృష్టి. జంతువుల ద్వారా మనిషికి చేరుతుంది. మాంసం, చేప, గుడ్డు తినని మనిషికి మిగిలేది పాలు, పెరుగు. పెద్దవారికి రోజుకు కావలసినది 2.4 మైక్రోగ్రాములు. రోజుకు రెండు పూటలా నిండుగా పెరుగన్నం తినే ఇంట్లో అది చాలావరకు సరిపోవచ్చు. కాఫీలో కాసిని పాలతో, పెరుగు మానేసి గడిపే ఇంట్లో చాలదు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్ళు వస్తుంది కనుక లోపం వెంటనే బయటపడదు. కారణమూ లక్షణమూ మధ్య అంత దూరం ఉండడం వల్ల రెండింటినీ కలిపి చూసేవారు తక్కువ.

దానికి తోడు మధుమేహం. కాళ్ళ తిమ్మిరికి అదే ప్రధాన కారణం కావచ్చు, అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. అయితే 1995 నుంచి అమెరికాలో దొరుకుతున్న మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ళ తరబడి వాడితే బీ-12 ఒంటబట్టడం తగ్గుతుంది. అప్పుడు అరికాళ్ళలోని తిమ్మిరిని చూసి ‘షుగరు వల్లే’ అనుకోవడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. శాకాహారం, మెట్‌ఫార్మిన్, పైన ఫోలిక్ ఆమ్లం కలిపిన రొట్టె: ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే రక్తపరీక్ష కాగితం నిర్దోషంగా కనిపించే అవకాశం 1947లో లాగే ఉంది. తేడా ఏమిటంటే ఇప్పుడు బీ-12ను నేరుగా కొలవవచ్చు. ఫలితం 200కీ 300కీ మధ్య ఊగిసలాడితే మిథైల్‌మలోనిక్ ఆమ్లం కొలిచి సందేహం తీర్చుకోవచ్చు. చీలమండ మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి ‘కంపనం తెలుస్తోందా’ అని అడిగే పాత పరీక్షకు ఖర్చే లేదు. ఈ పరీక్షలు జరగాలంటే ముందు రోగి తిమ్మిరి సంగతి చెప్పాలి, ఏం తింటాడో వైద్యుడు అడగాలి. భోజనంలో మాంసం ఉంటుందని ముందే అనుకునే వైద్యుడు ఆ రెండో ప్రశ్న అడగడు.

1948 ఏప్రిల్‌లో రావే నుంచి బీ-12 వార్త వెలువడేనాటికి సుబ్బారావు పర్ల్ రివర్‌లో పనిచేస్తూనే ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టు మొదట్లో, యాభై మూడేళ్ళ వయసులో, నిద్రలోనే కన్నుమూశారు. ఆ నెలలోనే బోస్టన్ వైద్యపత్రికలో మూడు పేజీల నివేదిక ఒకటి అచ్చయింది. రాసినవారిలో, గొడ్డుమాంసం తిని కక్కిన విలియమ్ కాసిల్ ఒకడు. కాలేయసారం సూదిమందు ఒంటికి పడని ఒక రోగికి బీ-12 ఇచ్చారు. అతని నరాల బాధ త్వరగా తగ్గుముఖం పట్టిందని అందులో ఉంది.